కుందేలుకు మనం ఎంత బాకీ?

“ఇది కోసుకోటానికా, చూసుకోటానికా?”

పోయిన ఏప్రిల్‌లో కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వచ్చిన మా నాయన, వరండాలో పంజరం ముందు గొంతుక్కూర్చుని అడిగిన మొదటి మాట అది. పంజరంలో ఉన్నది తెల్ల కుందేలు. పేరు మల్లె. ఆరో తరగతి చదివే మా చిన్నది పెట్టిన పేరు. తాత మాట వినగానే దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా భార్య వంటింట్లోంచి, “చూసుకోటానికే మామా, పాప ముచ్చటపడితే తెచ్చాం” అంది. నాయన ఇంకాసేపు పంజరం వంకే చూశాడు. “కోసుకోటానికైతే ఈ రెండు జానల పెట్టె చాలు. చూసుకోటానికైతే చాలదు” అని లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

అడవిలో జంతువును వేటాడి తిన్నవాడు క్రూరుడు, ఇంట్లో పెట్టి ముద్దుచేసినవాడు దయగలవాడు. బడిలో, పుస్తకాల్లో, అడవి దారుల వెంట నాటిన బోర్డుల మీద మనకు ఇదే చెప్పుకుంటూ వచ్చారు. నేనూ టీచరునే కాబట్టి పిల్లలకు అదే చెప్పాను. నాయన మాట విన్నాక అది నిజమేనా అని మొదటిసారి అనుమానం కలిగింది. ఆ అనుమానాన్నే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

మల్లె మా ఇంటికి వచ్చింది డిసెంబరులో. టౌనులో ఆదివారం సంతలో రంగు చేపలు, చిలుకల పక్కన వైరు బుట్టలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న కుందేలు పిల్లల్లో ఒకటి. అమ్మినతను పంజరంతో కలిపి ఇచ్చాడు. “క్యారెట్ పెట్టండి, బ్రెడ్డు పెట్టండి, ఏదైనా తింటది. అరవదు, కరవదు, నెమ్మది జంతువు” అన్నాడు. మేము నమ్మాం. క్యారెట్ కొరుకుతున్న కుందేలు బొమ్మ మన పిల్లల పుస్తకాలన్నింటిలో ఉంది కదా.

కుందేలు సంగతి బళ్ళో తెలిసిన రోజు స్టాఫ్ రూములో తోటి మాస్టారొకాయన, “మీ ఇంట్లో కుందేలు బతుకుద్దా? పండగదాకా ఉంటదంటారా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనవాళ్ళం ఉద్యోగాల్లోకి వచ్చాక నేర్చుకునే నవ్వు అది, మీకు తెలుసు. ఆయన టిఫిన్ బాక్సులో ఆ పూట కోడికూర ఉంది. ఆ కోడి ఏ బోనులో ఎన్నాళ్ళు బతికిందో ఆయన్ని ఎవరూ అడగరు. అడవి నుంచి వచ్చినవాడి పళ్ళెంలోకి మాత్రం అందరూ తొంగిచూస్తారు.

ఆ రోజు నుంచి మల్లెను చూసుకోవడం నాకొక పంతమైంది. కోయవాడి ఇంట్లో కూడా కుందేలు మల్లెపువ్వులా పెరుగుతుందని చూపించాలి. పొద్దున క్యారెట్, మధ్యాహ్నం అరటిపండు, రాత్రి పాలలో నానబెట్టిన బ్రెడ్డు. ఆదివారం సబ్బుతో స్నానం, మెడలో రిబ్బను, తర్వాత ఫోటో. ఆ ఫోటోలు స్టాఫ్ రూములో చూపించేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒకరోజు మల్లె మేత ముట్టలేదు. పంజరం మూలకు ముడుచుకుని కూర్చుంది. పడుకుందేమో అనుకున్నాం. మరునాడు పొద్దునకి కూడా అట్లాగే ఉంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కడుపు తడిమి చూసి, “ఇంకో పూట ఆగితే పోయేది” అన్నాడు. సూది మందు ఇచ్చి, సిరంజితో పలచటి గంజిలా ఆకుల రసం పట్టమని చెప్పి, ఆ తర్వాత అరగంటసేపు నాకు పాఠం చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పే నేను బుద్ధిగా కూర్చుని విన్నాను.

కుందేలు గడ్డితినే జంతువు. దాని కడుపు ఆగకుండా తిరిగే తిరగలి లాంటిది. అందులో పీచు పడుతూనే ఉండాలి. తిండిలో ఎక్కువ భాగం గడ్డే కావాలి. కొంచెం ఆకులు. క్యారెట్, పండు అంటే దానికి మిఠాయి కింద లెక్క, ఎప్పుడో ఒక ముక్క. బ్రెడ్డు, పాలు, అన్నం పెట్టకూడదు. పన్నెండు గంటలపాటు మేత ముట్టలేదంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. పడనిది తింటే కక్కేయడం దానికి చేతకాదు. వాంతి చేసుకునే ఏర్పాటే దాని ఒంట్లో లేదు. పళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. లేకపోతే వంకరపోయి నోటిని పొడుస్తాయి. రాత్రిపూట వేసే మెత్తటి పెంటికలను అదే తిరిగి తింటుంది. అది రోత కాదు, ఒకసారి అరగని సారాన్ని రెండోసారి తీసుకోవడం. మా ఇంట్లో వాటిని చూసి జబ్బు అనుకుని కడిగేసేవాళ్ళం. స్నానం చేయిస్తే బెదిరిపోతుంది, ఆ అదురుకే చచ్చిపోవచ్చు. చెవులు పట్టి ఎత్తకూడదు. పట్టు తప్పి వెనక కాళ్ళు గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరుగుతుంది. వైరు అడుగున్న పంజరంలో నిలబడితే పాదాలు పుండ్లు పడతాయి.

మల్లె పాదాలు తిరగేసి చూపించాడు. రెండు వెనక పాదాల కిందా బొచ్చు పోయి ఎర్రగా ఉంది. రెండు నెలలుగా మేము ఫోటోలు తీస్తున్న కుందేలు అది.

“మరి ఒక్కసారైనా అరవలేదు కదా సార్” అన్నాను.

“అరిస్తే నక్కకు తెలిసిపోతది కదా. అందుకే నొప్పిని దాచుకుంటది” అన్నాడు డాక్టరు.

నాయన వచ్చేనాటికి మల్లె కోలుకుంది. పంజరంలో ఒక చెక్క వేశాం, గడ్డి పెడుతున్నాం. పంజరం మాత్రం అదే. రెండో రోజు పొద్దున నాయన ఒక కన్నుకి పచ్చ గుడ్డ కట్టుకుని, కుందేలును పక్కనుంచి చూస్తూ, “ఇది మన చెవులపిల్లి కాదురా” అన్నాడు. నేను పుస్తకం చూసి తెలుసుకున్న సంగతి ఆయన చూపుతోనే పట్టేశాడు. మన అడవి చెవులపిల్లి వేరు, ఈ ఇంటి కుందేలు వేరు. అడవిది బొరియ తవ్వదు. గడ్డిలో ఒళ్ళు పట్టేంత గుంట చేసుకుని పడుకుంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. ఇంటి కుందేలు జాతి యూరప్‌ది. నేల తవ్వి గుంపుగా బతికేది. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. మల్లె పంజరంలో చెక్కను గీకుతుంటే పిచ్చి చేష్ట అనుకునేవాళ్ళం. నాయన చూసి, “నేల అడుగుతుంది” అన్నాడు.

చిన్నది అప్పటికి తాతతో మాట్లాడటం మొదలుపెట్టింది. “నువ్వు చెవులపిల్లుల్ని చంపినవా తాతా?” అని అడిగింది. నాయన దాచలేదు. గుండాల వైపు మా ఊళ్ళో భూమి పండుగకు మగవాళ్ళంతా వేటకు పోయేవాళ్ళనీ, ఏమీ దొరక్క వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసేవాళ్ళనీ చెప్పాడు. దొరికింది పిల్లజీవమైనా ఊరందరికీ పంచేవాళ్ళు. వేటకు రాలేని ముసలివాళ్ళకూ, ఉసిగొలిపిన కుక్కకూ వాటా ఉండేది.

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. ఒకసారి ఉచ్చులో పడిన చెవులపిల్లిని కోస్తే కడుపులో బొచ్చు వచ్చిన రెండు పిల్లలున్నాయి. మా నానమ్మ ఆ మాంసం పొయ్యి మీద పెట్టనివ్వలేదు. తల్లినీ పిల్లల్నీ ఇప్పచెట్టు కింద పూడ్చిపెట్టించి, ఆ ఏడు మళ్ళీ ఉచ్చు వేస్తే అన్నం పెట్టనంది. “వేసిన్రా?” అంది చిన్నది. “వేసినం. మీ నానమ్మకు చెప్పకుండా వేసినం” అన్నాడు నాయన.

వేటను నేను దేవుడి పటంలా గోడకు తగిలించదలచుకోలేదు. విల్లు పట్టినవాడి ముందు చెవులపిల్లికి పారిపోయే దారి ఉంటుంది. తీగ ఉచ్చులో ఉండదు. అది అరిచే అరుపు చిన్నపిల్ల ఏడుపులా ఉంటుందనీ, ఒక్కోసారి తెల్లారేదాకా వినపడుతుందనీ చెప్పింది నాయనే. అడవులు తరిగాక, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక చెవులపిల్లిని చంపడం నేరం. అడవి మిగలాలంటే ఆ చట్టం కావాలనే నేనూ అంటాను.

కానీ ఇంకొక చట్టం కూడా ఉంది. అది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. కాళ్ళూ చేతులూ ఆడించే చోటులేని పంజరంలో జంతువును ఉంచడం నేరమని దాని 11వ సెక్షన్ చెబుతుంది. ఆ లెక్కన మా వరండాలో కూడా నేరం జరిగింది. మొదటి చట్టం గురించి మా ఊరి పిల్లవాడికి కూడా తెలుసు, బోర్డులున్నాయి, జీపులు వస్తాయి. రెండో చట్టం గురించి సంతలో వైరు బుట్ట ముందు ఒక్క బోర్డూ నేను చూడలేదు. అడవిలోని మనిషి చేసింది హింసగా కనపడుతుంది. టౌనులోని మనిషి చేసింది ముచ్చటగా కనపడుతుంది. దెబ్బ తిన్నది మాత్రం రెండుచోట్లా జంతువే.

ఇప్పుడు నాయన మాటకు వస్తాను. కోసుకోటానికైతే చాలు, చూసుకోటానికైతే చాలదు అనడంలో ఉన్న లెక్కేమిటి?

చెవులపిల్లికి అడవి ఏమేమి ఇస్తుందో చూడండి. నానారకాల గడ్డి. పరుగెత్తే నేల. ఎండకు పొదనీడ, వేసవిలో తెల్లవారుజాము చల్లదనం. తన జాతి తోడు. భయమేస్తే దాక్కునే చోటు. వేటగాడు దాని నుంచి ప్రాణం తీసుకుంటాడు, అది పెద్ద దోపిడీయే. కానీ ఆ చివరి గడియదాకా మిగతావన్నీ దానివే. ఇంట్లో పెంచేవాడు దీనికి తిరగేసి చేస్తాడు. ప్రాణం ఒక్కటి వదిలి మిగతావన్నీ తీసుకుంటాడు. తీసుకున్నవాటికి బదులుగా పేరు పెట్టి, ముద్దుపెట్టి, బాకీ తీరిపోయిందనుకుంటాడు. ముద్దు మనకు కావాలి. కుందేలుకు కావలసింది గడ్డి. దాన్ని గుండెలకు హత్తుకున్నప్పుడు మనకు హాయిగా ఉంటుంది. దానికి మాత్రం నక్క నోట్లో పడ్డట్టే ఉంటుందని ఇప్పుడు తెలుసు.

కాబట్టి ప్రేమ ఉందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. మల్లె మీద మాకు ప్రేమ ఉంది. ఆ ప్రేమతోనే దాన్ని చావుదాకా తీసుకుపోయాం. ఒక జీవాన్ని దాని చోటు నుంచి తెచ్చుకుంటే, ఆ చోటు దానికి ఇచ్చేవన్నీ ఇక మనమే ఇవ్వాలి. రోజూ ఇవ్వాలి, మనకు ఓపిక ఉన్నా లేకపోయినా. జంతువును పెంచడమంటే దానికి అడవి కావడం. అది చేతకాకపోతే తెచ్చుకోకూడదు.

ఆపరేషన్ అయిన రాత్రి నాయన కంటికి కట్టుతో మంచం మీద పడుకున్నాడు. నిద్ర పట్టక నేను, “రేపు పెద్ద పంజరం కొంటా నాయనా” అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “నిన్ను హాస్టల్లో దింపిన్నాడు గచ్చు గది చూసి, కరెంటు బుగ్గ చూసి మంచిగుంది అనుకున్నరా. మూడు పూటలా తిండి పెడతారా అని అడిగిన. నువ్వు ఎవరితో మాట్లాడతవు అని అడగలే.”

నేను రెండో తరగతిలో హాస్టలుకు పోయాను. అక్కడ పెద్దలెవరికీ కోయ రాదు. మేము కోయ మాట్లాడితే బెత్తం దెబ్బ. నాకు తెలుగు సరిగా రాదు. అందుకని దాదాపు ఏడాదిపాటు నేను మాట్లాడలేదు. ఆ ఏడాది చివర నా గురించి పుస్తకంలో రాసిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: నెమ్మదస్తుడు. సంతలో కుందేళ్ళు అమ్మినతను మల్లె గురించి చెప్పిందీ అదే మాట.

పిల్లవాడూ కుందేలూ ఒకటే అని నేను అనడం లేదు. ఆ చదువే నన్ను ఈ నాలుగు మాటలు రాసేదాకా తెచ్చింది, నేను దానికి రుణపడి ఉన్నాను. మా వార్డెను చెడ్డవాడూ కాదు. జ్వరమొస్తే రాత్రంతా నా పక్కన కూర్చున్నాడు. నేను అనేది ఇంతే. బలమున్నవాడు బలంలేనివాడి మౌనాన్ని సుఖం అనుకుంటాడు. అట్లా అనుకోవడం అతనికి తేలిక. మన మేలు కోరి మనల్ని ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మార్చినవాళ్ళు ఎంతోమంది. మార్చినవాళ్ళు మన తిండి లెక్క రాశారు, బట్టల లెక్క రాశారు. పోగొట్టుకున్నదాని లెక్క ఎవరూ రాయలేదు. ఆ బాధ తెలిసిన నేను కూడా, నా చేతికింద ఒక చిన్న ప్రాణం వచ్చేసరికి అదే పని చేశాను. అది నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

ఇదంతా విన్న చిన్నది ఒకరోజు, “అయితే మల్లెను అడవిలో వదిలేద్దాం” అంది. మంచి మనసుతో అన్న మాటే, కానీ అదీ కుదరదు. కుక్కకూ నక్కకూ తెల్ల కుందేలు ఒక రోజులో దొరికిపోతుంది. మన గడ్డీ మన దారులూ దానికి తెలియవు. తరతరాలుగా మనిషి పెంపకంలో మారిన జాతి అది. దానికి తిరిగిపోయే అడవి ఎక్కడా లేదు. ఒకవేళ బతికి పెరిగితే ఇంకా కష్టం. ఆస్ట్రేలియాలో అదే జరిగింది. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఇంగ్లీషు భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండు కుందేళ్ళను తెప్పించి విక్టోరియాలో వదిలాడు. అవి దేశమంతా పాకి గడ్డిని, మొక్కలను మొదలంటా కొరికేశాయి. వాటిని ఆపడానికి పడమటి ఆస్ట్రేలియాలో 1,800 కిలోమీటర్లకు పైగా పొడవున కంచె వేశారు, అది 1907లో పూర్తయింది. అయినా ఆగలేదు. 1950లో కుందేళ్ళను చంపే జబ్బును కావాలని వాటిలోకి వదిలారు. ఆ నేల అక్కడి ఆదివాసులది. దాని మీద కుందేళ్ళను వదలాలా వద్దా అని వాళ్ళనెవరూ అడగలేదు. తేవడం ఎంత తప్పో, తెచ్చి చేతులు దులుపుకోవడం అంతకంటే తప్పు.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది చెబుతాను. పంజరం తలుపు తీసేశాం. రాత్రి పడుకోవడానికి తప్ప మల్లె అందులోకి పోదు. వరండా అంతా దానిదే. ఒక మూల పాత చెక్కపెట్టెలో మట్టి పోసి పెట్టాం. తవ్వుతుంది, మీద పోసుకుంటుంది, తెల్లదనం పోయింది. కరెంటు వైర్లన్నీ పైపుల్లో వేశాం. పొద్దున్నే చిన్నది సంచి పట్టుకుని చెరువుగట్టుకు పోయి గరిక కోసుకొస్తుంది. మందు కొట్టిన పొలం గట్టున కోయకూడదని తాత చెప్పాడు. మే నెలలో మా దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకు చెమట పట్టదు, చెవుల్లోంచే ఒంట్లోని వేడి పోవాలి. 30 డిగ్రీలకే దానికి కష్టం. అందుకని తడిపిన షాబాదు బండ, తడి గోనెపట్టా, గుడ్డ చుట్టిన ఐసు సీసా పెట్టి మధ్యాహ్నాలు గడిపించాం. ఆ నెలంతా మేము ఊరికి పోలేదు. పక్కవీధిలో పిల్లలు మోజు తీరి వదిలించుకోవాలనుకున్న ఇంకో ఆడ కుందేలును తెచ్చి, రెండు వారాలు జాలి అడ్డుపెట్టి ఉంచి, కొట్లాడుకోవని తేలాక కలిపాం. ఇప్పుడు రెండూ ఒకదాని చెవులు ఒకటి నాకుతూ పడుకుంటాయి. ఎత్తుకుంటామంటే రావు. నేల మీద పడుకుంటే మాత్రం వాటంతట అవే వచ్చి మా మీదెక్కి పోతాయి. చిన్నది ఎత్తుకోవడం మానేసి, నేల మీద పడుకోవడం నేర్చుకుంది.

బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది, పదేళ్ళు బతుకుతుందట. అప్పటికి చిన్నది కాలేజీ కూడా దాటుతుంది. పదకొండేళ్ళ పిల్ల ముచ్చటపడి చేసిన అప్పును ఇరవై ఏళ్ళ పిల్ల తీర్చాలి. అది చేయలేనినాడు మేము తీర్చాలి. ఎవరైనా కుందేలు కొంటామని సలహా అడిగితే, నేను రంగు గురించీ ధర గురించీ చెప్పడం మానేశాను. గరిక ఎవరు కోస్తారు, ఎన్నేళ్ళు కోస్తారు అని అడుగుతాను. సగంమంది అక్కడే ఆగిపోతారు. ఆగడం కూడా దయే.

స్టాఫ్ రూములో ఆ మాస్టారు ఈమధ్య మళ్ళీ అడిగాడు, “పండగ అయిపోయింది, కుందేలు ఉందా?” అని. ఈసారి నేను నవ్వలేదు, కోపమూ రాలేదు. “ఉంది. ఇప్పుడు రెండు. మీ ఇంటి దగ్గర గరిక దొరుకుద్దా?” అన్నాను. మరునాడు ఆయన కవరు నిండా గరిక తెచ్చిచ్చాడు.

నాయన ఊరికి పోయి ఆరు నెలలైంది. చూపు బాగుంది. చెవులపిల్లి కూర రుచి మరిచిపోయానని ఆయన అబద్ధం చెప్పడు. ఆదివారం ఫోన్ చేస్తాడు. నా బాగోగులు, కోడలి బాగోగులు అయ్యాక ఫోన్ చిన్నదానికి ఇమ్మంటాడు. దాన్ని అడిగేది ప్రతిసారీ ఒకటే మాట.

“పెంటికలు మంచిగ వేస్తున్నయా బిడ్డా?”